ప్రాగ్ గోడలను చదివే పద్ధతి

ప్రాగ్‌ను మాయల నగరం అంటారు. ఊరికే అనలేదు. 1583లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి తన కొలువును వియన్నా నుంచి అక్కడికి మార్చాడు. సీసాన్ని బంగారం చేస్తామన్నవాళ్లు, దేవదూతలతో మాట్లాడతామన్నవాళ్లు ఆయన చుట్టూ చేరారు. ఇంగ్లండ్ నుంచి జాన్ డీ, ఎడ్వర్డ్ కెల్లీ వచ్చింది ఆ రోజుల్లోనే. అంగారకుడి కక్ష్యను తేల్చిన కెప్లర్ కూడా ఆ కొలువులోనే పనిచేశాడు.

ఇలాంటి నగరాల గురించి చదివేటప్పుడు నేనొక పద్ధతి పాటిస్తాను. గుర్తు కనిపిస్తే, దాన్ని ఏ పనికి పెట్టారని అడుగుతాను. కథ వినిపిస్తే, దాన్ని ఎప్పుడు రాశారని అడుగుతాను.

కోట వైపు ఎక్కే నెరుడోవా వీధిలో ఇళ్ల ముఖాల మీద రెండు సూర్యుళ్లు, మూడు ఫిడేళ్లు, బంగారు తాళంచెవి కనిపిస్తాయి. చూడగానే రహస్య సంఘాల సంకేతాలేమో అనిపిస్తాయి. 1770లో ఇళ్లకు నంబర్లు వేసేదాకా జనానికి అవే చిరునామాలు. మూడు ఫిడేళ్ల ఇంట్లో ఫిడేళ్లు తయారుచేసేవాళ్లు ఉండేవారు.

పాత టౌన్‌హాల్ గోడకున్న ఖగోళ గడియారం మీద అస్థిపంజరం గంట మోగిస్తుంది. పలక మీద రాశిచక్రం తిరుగుతుంది. మంత్రయంత్రంలా కనిపించే ఆ పలక చేసే పని మన పంచాంగం చేసేదే: సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చెబుతుంది. సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కపెట్టే పాత చెక్ కాలమానాన్నీ చూపిస్తుంది. అలాంటిది ఇంకో ఊళ్లో చేయకుండా దాని నిర్మాత హనుష్ కళ్లు పొడిపించారని కథ. 1410 నాటి పత్రం మాత్రం కడాన్‌కు చెందిన మికులాష్ పేరు చెబుతోంది. లెక్కలు కట్టింది యాన్ షిండెల్ అనే ఆచార్యుడంటారు. కళ్లు పోయిన హనుష్ కథ ఊరంతా పాకి, గడియారం చేసిన అసలు మనిషి పేరును శతాబ్దాల పాటు మరుగున పడేసింది. ఒక పనివాడికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

ఇక గోలెం. 1609లో కన్నుమూసిన ప్రాగ్ యూదు మతగురువు రబ్బీ లోవ్ గోలెం అనే మట్టిబొమ్మకు ప్రాణం పోశాడని, అది యూదులను కాపాడిందని చెబుతారు. ఆయన రాసిన గ్రంథాల్లో ఆ ఊసే లేదు. ఆ కథ ఆయన పేరుతో ముడిపడి అచ్చులోకి వచ్చింది 19వ శతాబ్దంలో. పసివాళ్ల రక్తం కోసం హత్యలు చేస్తారన్న నింద నుంచి గోలెం యూదులను కాపాడినట్టు యూదల్ రోజెన్‌బర్గ్ అనే రచయిత రాసింది 1909లో. అంతకు పదేళ్ల ముందే, 1899లో, ప్రాగ్ ఉన్న బొహీమియాలోనే, పోల్నాలో జరిగిన ఒక హత్య కేసులో, అలాంటి నిందల మధ్యే హిల్స్‌నర్ అనే యూదు యువకుడికి మరణశిక్ష విధించారు. ఆ తేదీలు తెలిశాక గోలెం నాకు వింత కథగా మిగల్లేదు. కాపాడే దిక్కులేని జనం కోరుకున్న కాపలాదారు అది.

గుర్తు వెనక పని, కథ వెనక తేదీ తెలుసుకుంటే ప్రాగ్ అందం తగ్గుతుందని నేననుకోను. ఆ ఊరికి వెళ్లే పాఠకులను కోరేది ఒక్కటే: గైడ్ చెప్పే కథంతా శ్రద్ధగా వినండి, ఆ తర్వాత ఈ రెండు ప్రశ్నలూ అడగండి.