సీమ అంటే బీటలేనా?

ఈ వేసవిలో హైదరాబాదులో ఒక గ్యాలరీ కొత్త చిత్రకారుల్ని పరిచయం చేస్తూ ప్రదర్శన పెట్టింది. సీజన్‌కొకటి పెడుతుంటారు. గోడమీద పేరు, ఊరు, రెండు ముక్కల పరిచయం. ఇద్దరి పేర్ల కింద కర్నూలు, కడప అని కనబడేసరికి, మావాళ్లే కదా అని ముందు అటే నడిచాను.

మూడు పెద్ద కాన్వాసులు. మూడింట్లోనూ ఎర్రటి నేల, నేలంతా బీటలు. ఒకదాంట్లో ఎద్దు కళేబరం, ఇంకోదాంట్లో ఆకాశంకేసి చూస్తున్న ముసలాయన. పనితనానికి వంక పెట్టలేను. ఎరుపుమీద ఎరుపు వేసి లోతు తెప్పించడం తేలికేం కాదు. కానీ చూసేకొద్దీ ఒకటే అనుమానం: ఇంతకీ ఈ నేల ఏ ఊరిది?

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి. తడిస్తే ఉబ్బడం, ఆరితే నెర్రెలివ్వడం దాని గుణం. మంచి వానలు పడ్డ ఏడాది కూడా ఎండాకాలానికి నెర్రెలు పడతాయి. రైతు దాన్ని చూసి బెంబేలెత్తడు. తొలి వానలు ఆ నెర్రెల్లోంచే లోపలికి దిగుతాయి. నేల దాచుకున్న ఆ తడితోనే చలికాలం శనగ, జొన్న పండుతాయి. ఎర్రనేల అలా పగలదు. అక్కడ కరువు వేరేగా కనిపిస్తుంది. మొలిచి మాడిన వేరుశనగ, నీళ్లు పడని బోరు పక్కన బూడిదరంగు మట్టికుప్ప, తాళం వేసిన ఇల్లు. ఈ చిత్రాల్లో నల్లరేగడి నెర్రెలకి ఎర్రనేల రంగు వేశారు. అలాంటి చేను సీమలో నేనెక్కడా చూడలేదు. అది పత్రికల ఫొటోల్లోంచి వచ్చిన కరువు.

కథల్లో మనం దీన్ని దాటి చాలాకాలమైంది. కేతు విశ్వనాథరెడ్డికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కథలకే. ఆ కథల్లో సీమకి అప్పులున్నాయి, పెత్తనాలున్నాయి, మనుషులున్నారు. బొమ్మల్లోనూ దారి లేకపోలేదు. తోట వైకుంఠం గీసిన ఆడవాళ్లని చూడగానే ఎవరైనా తెలంగాణ అనేస్తారు. అదీ ఒక మూసగా మారిందని వాదించొచ్చు, కానీ కనీసం అక్కడో ముఖం ఉంది. సీమకి గ్యాలరీ గోడమీద ముఖం దక్కలేదు, బీటలే దక్కాయి.

ఎరుపు వాడితే తప్పని కాదు నేననేది. కర్నూలు జిల్లా కేతవరంలో, కడప జిల్లా చింతకుంటలో రాతి చరియల కింద ఎప్పటివో బొమ్మలున్నాయి. జంతువులు, మనుషులు, ఎర్రరంగులో. సీమలో ఎరుపంటే ఆకలి అని ఆ గీసినవాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఇంకో చిత్రం కూడా ఉంది. కడప కుర్రాడిదే, చిన్నది, మూలన పెట్టారు. ఇంకా తెల్లారని శనగచేలో ఆడవాళ్లు వంగి మొక్కలు పీకుతున్నారు. చీరలమీద మగవాళ్ల పాత చొక్కాలు, చేతులకి గుడ్డలు. ఎందుకో శనగచేలో దిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆకుమీది పులుపు చర్మాన్ని మండిస్తుంది. ఎండెక్కితే కాయలు రాలిపోతాయని మంచు ఆరకముందే పీకుతారు. బూడిదా ఆకుపచ్చా కలిసిన ఆ వెలుతురు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నా లెక్కలో ఆ ప్రదర్శనలో పరిచయమైన కొత్త చిత్రకారుడు ఆ బొమ్మలోనే ఉన్నాడు.

బీటల కాన్వాసుల్లో రెండు అప్పటికే అమ్ముడుపోయాయి. ఇది పోలేదు. కౌంటర్ దగ్గరున్న అబ్బాయిని అడిగితే, "బాగుందనే అంటున్నారండీ, కానీ రాయలసీమలా లేదంటున్నారు" అన్నాడు.

నన్ను భయపెట్టింది ఆ మాటే. 2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ కోసమే ఒక యూనివర్సిటీ వచ్చింది. అక్కడ గీయడం నేర్చుకున్న పిల్లలు రేపు ఇలాంటి గోడలకేసే చూస్తారు. ఏది అమ్ముడుపోయిందో వాళ్లకీ తెలుస్తుంది. వచ్చే సీజన్‌కి ఆ కుర్రాడు కూడా బీటలే పట్టుకొస్తే తప్పు అతనిది మాత్రమే అనలేను. అటే ముందు నడిచిన నాదీ, రెండు కొన్నవాళ్లదీ కూడా.