నా కథలో ‘అంట’

“బాకీ ఎప్పుడిస్తావన్నా?” అని ఒకాయన అంగడి ముందర బండి ఆపి అడిగినప్పుడు నేను జిరాక్స్ మిషన్‌లో కాగితాలు సర్దుతున్నాను. ఏం బాకీ అన్నాను. “దూడది” అన్నాడు. ఏ దూడ అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి బల్లమీద పరిచాడు. మా అంగడి బిల్లు పుస్తకంలోంచి చించిన కాగితమే. పుంగనూరు జాతి పెయ్యదూడ ఒకటి, ఖరారు 1,60,000, అడ్వాన్సు 40,000 ఇచ్చినాను, మిగతాది పది రోజుల్లో. కింద నా సంతకం. సంతకం కింద రెండు గీతలు. ఆ గీతలు కొట్టే అలవాటు నాకు పదో తరగతి నుంచీ ఉంది. ఇంకెవరో రాశారని బుకాయించడానికి కూడా లేదు.

మా ఊరి పేరు పెట్టుకున్న ఆవు ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ, ధర మాత్రం లక్షల్లో. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతూ వచ్చారు గానీ, సొంతూళ్లో చూద్దామంటే దొరకడమే కష్టం. అట్లాంటి దూడను కొనే స్తోమతు నాకు లేదు. కట్టేసే చోటు అసలే లేదు, మేముండేది అంగడి మీది మిద్దెలో.

అప్పటికి నేను బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి నుంచి వచ్చి మూడు వారాలైంది. మా పడమటి మండలాల వాళ్లకు పెద్ద జబ్బంటే ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు దారే కదా. బైపోలార్ అన్నారు. అందులో ఇది మేనియా అన్నారు. ఆసుపత్రికి పోకముందు పదకొండు రోజులు నేను ఊళ్లోనే తిరిగాను. సుగుటూరు గంగమ్మ జాతర రోజులవి. ఊరంతా పలకల మోత, తెల్లవార్లూ జనం. ఆ సందట్లో నిద్రపోనివాడు ఇంకొకడు, గొంతు పెంచి మాట్లాడేవాడు ఇంకొకడు ఉంటే ఎవరు కనిపెడతారు? నేను జాతరకు పోయినానంట. దారిలో కనబడిన వాళ్లందరికీ శీతలపానీయాలు ఇప్పించినానంట. ఒక పోలీసాయనకు ట్రాఫిక్ ఎట్లా మళ్లించాలో అరగంట పాఠం చెప్పినానంట.

ఎవరో చెప్పగా విన్నదానికి తగిలించే ‘అంట’ను నా కథకే తగిలించుకోవలసి వచ్చింది. ఇంతకంటే చిత్రం నాకు ఎక్కడా ఎదురుకాలేదు.

“నాలుగు రాత్రులు కన్ను మూయలేదు నువ్వు. మిద్దె గోడకు సున్నం కొడతానని నడిరాత్రి బకెట్టు ఎత్తుకొని పోతివి” అని మా ఆవిడ చెప్పింది. “దుబాయికి టమోటా పంపిద్దామని మదనపల్లె మార్కెట్లో మండీ మండీ తిరిగినావు గదన్నా” అని తమ్ముడన్నాడు. ఆ వారం నా అంత మంచివాడు లేడని ఎదురింటాయన మెచ్చుకున్నాడు. ఆయన కొడుకు ఫీజు నేనే కట్టానంట. తలా ఒక ముక్క తెచ్చి ఇచ్చారు. ఒకరి ముక్క ఇంకొకరి ముక్కతో అతకదు. నేనట్లా అనలేదు అని వాదిద్దామంటే, నా తరఫున సాక్షి నేనే, ఆ సాక్షి హాజరు లేడు.

అట్లని అంతా చీకటి కాదు. ఒకటి గుర్తుంది. వెలుతురు. బస్టాండు, చింతచెట్టు, ఎదురింటి ముగ్గు, అన్నీ అప్పుడే కడిగి ఆరబెట్టినట్టు మెరుస్తున్నాయి. ఒంట్లో అంత హాయి ముందెప్పుడూ లేదు, తర్వాతా రాలేదు.

ఇక్కడే ఉంది మోసమంతా. సంగతులు పోయి రుచి మిగులుతుంది. మా ఆవిడ ఏడ్చిన రాత్రి నాకు గుర్తులేదు, ముగ్గు మెరుపు గుర్తుంది. అట్లాంటప్పుడు నాలుగు నెలలు గడిచాక, ఒక మామూలు చప్పిడి మధ్యాహ్నం, ఈ మాత్రలు ఎందుకు మింగుతున్నట్టు అనిపించదా? నాకు అనిపించింది. ఈ జబ్బున్న వాళ్లు మందు మానేస్తే జనం మొండితనం అంటారు. మందు ఎందుకు వేసుకోవాలో చెప్పే జ్ఞాపకమే చేతిలో లేదని ఎవరికీ తట్టదు.

ఎందుకిట్లా పోతుందని డాక్టరును అడిగితే ఓపిగ్గానే చెప్పారు. ఆ ఉధృతిలో మనసు దేనిమీదా నిలవదు, నిలవనిది దాచుకోదు. పగటి సంగతులు మెదడులో కుదురుకునేది నిద్రలో, ఆ నిద్రే ఉండదు. ఆసుపత్రిలో నిమ్మళించడానికి ఇచ్చే లోరాజెపామ్ లాంటి మందులు కూడా కొత్త జ్ఞాపకాన్ని సరిగా పట్టనివ్వవు. కరెంటు చికిత్స తీసుకున్నవాళ్లకు దాని ముందూ వెనకా రోజులు చెరిగిపోవచ్చు. అందరికీ ఇట్లాగే అవుతుందని కాదు. ప్రతి నిమిషం పూసగుచ్చినట్టు గుర్తుండి, ఆ సిగ్గుతో వీధిలోకి రాలేనివాళ్లూ ఉన్నారు. వాళ్లకంటే నేను నయమా? కొన్ని రోజులు అవునంటాను, కొన్ని రోజులు కాదంటాను.

జబ్బు దిగాక కూడా కొందరికి పేర్లూ, చదివినవీ జారిపోతుంటాయి. నాకూ అంతే. నెపం నేను మింగే లిథియం మాత్ర మీద వేశాను. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో ఉన్మాదానికి పనిచేస్తుందని రాసిన ఆ ఉప్పు, ఇన్నేళ్లయినా ముందువరసలోనే ఉంది. అది కొందరిలో థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది, థైరాయిడ్ తగ్గితే మతిమరుపు వస్తుంది. అందుకే రక్తంలో లిథియంతో పాటు అదీ చూస్తారు. నాది బాగానే ఉంది. నెపం వేయడానికి ఇంకేదీ మిగల్లేదు.

అప్పుడు మొదలుపెట్టాను ఎర్ర అట్ట పుస్తకం. అంగడిలో అమ్మే పద్దు పుస్తకాల్లోంచే ఒకటి తీసుకున్నాను. మొదటి ఏడాది అందులో మనసు రాసుకున్నాను. ‘ఈరోజు చాలా బాగుంది’ అని. తర్వాత తిరగేస్తే, బాగున్న రోజూ ఆ మాటే ఉంది, ఎగిసిన రోజూ ఆ మాటే ఉంది. మాటలు నాతో పాటే పూనకంలోకి పోతాయి, వాటిని నమ్మి లాభం లేదు. తేడా చూపించింది రాత. మామూలు రోజు పేజీకి ఇరవై ఆరు వరుసలు. ఎగిసిన రోజుల్లో ఆరు. తలకట్లు ఊడిపోయాయి, గుడులు పక్క అక్షరం నెత్తిన వాలాయి, వరుస ఎడమ నుంచి కుడికి కొండెక్కింది. ఒక పేజీలో కలం గుచ్చుకొని కింది కాగితం దాకా చిరిగింది.

ఇప్పుడు మనసు రాయను. నాలుగు గళ్లు: ఎన్ని గంటలు నిద్ర, మాత్ర వేసుకున్నానా, ఎంత ఖర్చు, ఎన్ని ఫోన్లు. కొత్త విద్యేం కాదు. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ నూరేళ్ల కిందటే రోగుల ఏళ్లను గళ్లు గీసి పెట్టాడు. ఆ దూడ కాగితాన్ని మొదటి పేజీకి అతికించాను, చప్పిడి మధ్యాహ్నాల కోసం. అట్ట లోపల, మనసు బాగాలేనప్పుడు సాయానికి ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. దాని పక్కన బాగున్నప్పుడు నేను రాసిచ్చిన షరతు: వరసగా రెండు రాత్రులు నిద్ర నాలుగు గంటలకు తగ్గితే ఏటీఎం కార్డు మా ఆవిడ చేతికి, మూడో రోజు బెంగళూరు బస్సు. నాకు మతి చెదిరితే ఎట్లా చూడాలో ముందే రాసిపెట్టుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. నాది ఇంటి పత్రమే అనుకోండి, ఆ చట్టం సంగతి చదివాకే రాసే ధైర్యం వచ్చింది.

మూడేళ్ల తర్వాత మళ్లీ అంచుదాకా పోయాను. రెండో రాత్రి ఉన్నట్టుండి మా ఆవిడతో, దూడ మెడగంట అటక మీద పాత అట్టపెట్టెలో ఉంది తీయమన్నానంట. ఆమె ఎక్కి చూస్తే ఉంది. ఎర్రతాడుతో సహా. ఒక స్థితిలో దాచుకున్నది మళ్లీ ఆ స్థితిలోనే తేలికగా దొరుకుతుందని గోర్డన్ బోవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1981లో రాశాడు. తర్వాతి ప్రయోగాల్లో కొన్నిట్లో ఆ మాట నిలిచింది, కొన్నిట్లో నిలవలేదు. మాకు మాత్రం గంట దొరికింది. మాత్రలు సర్ది నేను కుదుటపడ్డాక, గంట ఎక్కడిదని నేనే అడిగాను.

దూడ ఆయన మంచివాడు. అడ్వాన్సులో ఇరవై అయిదు వేలు వాయిదాల్లో తిరిగిచ్చాడు. ఆఖరి వాయిదా రోజు టీ తాగుతూ, “ఆ పొద్దే నాకు అనుమానమన్నా” అన్నాడు. “అడిగిన రేటుకు ఒప్పుకుంటివి. పుంగనూరోడు బేరమాడకుండా గొడ్డును కొంటాడా?”

అయిదో గడి ఒకటి ఈ మధ్యే గీశాను. అది మా ఆవిడది, అందులో నేను వేలు పెట్టకూడదు. చాలా రోజులు ఖాళీగానే వదిలేస్తుంది. ఎప్పుడన్నా ‘మాట ఎక్కువ’, ‘నిమ్మళం’ అని ఒక ముక్క. నిన్నటి పేజీలో: నిద్ర ఆరున్నర, మాత్ర వేసుకున్నాను, ఖర్చు 340, ఫోన్లు మూడు. ఆమె గడిలో, ‘పాలు తెమ్మంటే మరిచినాడు’. పొద్దున అది చూసి, నియమం తప్పి, పెన్సిల్‌తో కింద రాశాను: ‘చెప్పలేదు’.