పనికి ముందు పని

మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు. ఈ మూడు ఊళ్ల పేర్లనూ తెలుగులో మూడు ఫైళ్లలో రాసి, ఇంగ్లీషు సెట్టింగులతో ఉన్న మామూలు విండోస్ కంప్యూటర్‌లో పైథాన్ చేత చదివించి చూడండి. ఏ ఎన్‌కోడింగో చెప్పకుండా ఫైలు తెరిస్తే, ఇప్పుడు వాడుకలో ఉన్న పైథాన్ వెర్షన్లు మంత్రాలయం దగ్గరా ఎమ్మిగనూరు దగ్గరా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. ఆదోనిని మాత్రం చదివేశాననుకుంటాయి. తీరా చూస్తే తెర మీద 15 పిచ్చి గుర్తులుంటాయి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు. విండోస్ పాత అలవాటు కొద్దీ వాటిని 1252 అనే పశ్చిమ యూరప్ పట్టికతో చదువుతుంది. ఆ పట్టికలోని 256 గళ్లలో అయిదు ఖాళీ. మన పొల్లు గుర్తు చివరి బైటు సరిగ్గా ఆ ఖాళీల్లో ఒకదాని మీద పడుతుంది. 'త్రా', 'మ్మి' లాంటి ఒత్తక్షరాలన్నిటిలోనూ కంప్యూటర్ లెక్కన ఒక పొల్లు దాగి ఉంటుంది కనుక ఆ రెండు పేర్ల దగ్గరా బండి ఆగుతుంది. ఆదోనిలో ఒత్తు లేదు, అందుకని తప్పు నోరెత్తకుండా జారిపోతుంది. మూడింటిలో ప్రమాదం ఆదోనిదే (ఊరిది కాదు, ఫలితానిది).

లైనక్స్ మీద ఇదేదీ కనిపించదు. అక్కడ యూటీఎఫ్-8 ఎప్పుడో మామూలైపోయింది. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల్లో చాలావాటి పరీక్షలు నడిచేది లైనక్స్ సర్వర్ల మీదే. కాబట్టి కోడు రాసినవాళ్ల దగ్గర అంతా సవ్యంగానే ఉంటుంది. చెడేది ఊళ్లో డీటీపీ సెంటరులోనో, బడి ఆఫీసులోనో ఉన్న విండోస్ యంత్రం మీద. ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సొంత కంప్యూటర్‌లోకి దించుకుని, నడిపి, విప్పి, మార్చి చూసుకునేలా పైథాన్ ఎన్విరాన్‌మెంట్ ఏర్పాటు చేసుకోవడాన్ని సాధారణంగా అసలు పనికి ముందు వదిలించుకోవాల్సిన తలనొప్పిగా చూస్తారు. తెలుగు మటుకు చూస్తే అసలు పనిలో సగం అదేనని నేనంటాను. భాష పనిముట్లలోని తప్పులు ఆ భాషను వాడే యంత్రాల మీదే బయటపడతాయి. ఆ తప్పును పట్టుకుని, ఎక్కడో ఉన్న మరొకరి దగ్గర మళ్లీ అదే తప్పు పుట్టేలా చూపించగలిగితేనే దిద్దుబాటు మొదలవుతుంది. అలా చూపించే వీలు కల్పించేది ఈ ఏర్పాటే.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన నాటి నుంచి ఈ సంప్రదాయం చెబుతున్నది ఒకటే: సోర్సు చదవడం, మార్చడం, పంచడం వాడుకరి హక్కు. లైసెన్సు ఆ హక్కు ఇస్తుంది గానీ, కోడు మన దగ్గర నడవకపోతే మార్చి ప్రయోజనం లేదు. పైథాన్‌లో దీనికి అడ్డుపడింది లైబ్రరీల గొడవ. ఒక ప్రాజెక్టుకు ఒక లైబ్రరీ పాత వెర్షన్ కావాలి, పక్క ప్రాజెక్టుకు కొత్తది కావాలి, రెండూ ఒకేచోట ఇమడవు. 2007లో ఇయాన్ బికింగ్ చేసిన వర్చువల్ఎన్వ్ దీనికి దారి చూపింది. 2012లో పైథాన్ 3.3తో అదే ఆలోచన 'వెన్వ్' పేరుతో భాషలోనే భాగమైంది. ఇందులో మాయేమీ లేదు. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ పుడుతుంది. దాన్లో అసలు పైథాన్ ఎక్కడుందో చెప్పే చిన్న ఫైలు, లైబ్రరీలు పెట్టుకునే చోటు ఉంటాయి. 'యాక్టివేట్' చేయడమంటే, టెర్మినల్ ప్రోగ్రాములను వెతికే దారుల్లో ఈ ఫోల్డర్‌ను అన్నిటికన్నా ముందుకు తేవడం, అంతే. విండోస్ పవర్‌షెల్ స్క్రిప్టులు నడపనని మొరాయిస్తే యాక్టివేట్ చేయకుండా ఆ ఫోల్డర్‌లోని పైథాన్‌నే నేరుగా పిలవొచ్చు. చెడితే ఫోల్డర్ తీసేసి మళ్లీ కట్టుకోవచ్చు. ఇలా వేరే ఫోల్డర్ కట్టుకోకుండా, లైబ్రరీలు ఎక్కించే పిప్‌తో నేరుగా సిస్టమ్ పైథాన్‌లోకే ఎక్కించబోతే, 2023లో వచ్చిన డెబియన్ 12 లైనక్స్ వద్దంటుంది. ఆ హెచ్చరికను దాటడానికి 'బ్రేక్ సిస్టమ్ పాకేజెస్' అనే ఆప్షన్ ఉంది. పేరులోనే ఫలితం చెప్పేశారు, అయినా దాన్ని కాపీ కొట్టి వాడేవాళ్లకు కొదవ లేదు.

పద్ధతి తెలిసినవాళ్లు కోడు ముట్టుకునే ముందు చేసేవి కొన్ని ఉన్నాయి. రీడ్‌మీ, కాంట్రిబ్యూటింగ్ ఫైళ్లు చదువుతారు. ఏ పైథాన్ వెర్షన్ కావాలో పైప్రాజెక్ట్ ఫైలులో చూస్తారు. ప్రాజెక్టును ఫోర్క్ చేసి, గిట్‌తో క్లోన్ చేసి, వెన్వ్ కట్టి, దాన్లోకి ప్రాజెక్టును 'ఎడిటబుల్' పద్ధతిలో ఎక్కిస్తారు. అలా ఎక్కిస్తే ఫైలులో మార్చిన అక్షరం వెంటనే అమల్లోకి వస్తుంది. తర్వాత, ఇంకా ఏమీ మార్చకముందే, ఉన్న పరీక్షలన్నీ ఒకసారి నడుపుతారు. కొత్తవాళ్లు దాటేసేది దీన్నే. ముందునుంచే తప్పుతున్న పరీక్ష ఏదో తెలియకపోతే తర్వాత తప్పినదానికి కారణం మన మార్పో కాదో తేలదు. కొన్నిసార్లు లైబ్రరీ ఒక్కటే దించుకుంటే చాలదు. అనూప్ కుంచుకుట్టన్ చేసిన ఇండిక్ ఎన్ఎల్‌పీ లైబ్రరీనే తీసుకుంటే, దాని పూర్తి పనికి భాషల సామగ్రి ఉన్న వేరే రిపాజిటరీ కూడా కావాలి. ఆ ఫోల్డర్ ఎక్కడుందో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చెప్పాలి. ఇది తెలియక లైబ్రరీ పనిచేయట్లేదని పక్కన పెట్టేయడం సులువు.

ఆ లైబ్రరీ చేసే పనుల్లో ఒకటి మంత్రాలయానికి బాగా పనికొచ్చేది: ఒక లిపిని ఇంకో లిపిలోకి మార్చడం. తుంగభద్ర ఒడ్డున రాఘవేంద్రస్వామి మఠానికి వచ్చేవారిలో తెలుగు చదివేవారు, కన్నడ చదివేవారు ఇద్దరూ ఉంటారు. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలోదే. ఒకే స్తోత్రాన్ని రెండు లిపుల్లో అచ్చువేయడం ఇక్కడ ఎవరికైనా తోచే అవసరం. యూనికోడ్ మన లిపులను 1988 నాటి ఇస్కీ ప్రమాణం వరసలోనే అమర్చింది కనుక తెలుగు సంకేతానికి 128 కలిపితే చాలామటుకు కన్నడ అక్షరం వచ్చేస్తుంది. తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221. ఇంత తేలికా అని ప్రతి అక్షరానికీ 128 కలిపే ఒక్క లైను రాస్తే, మాటల మధ్య ఖాళీ కూడా మారిపోతుంది. మామూలు ఖాళీ సంకేతం 32. అది 160 అవుతుంది, అంటే లైను విరగని ఖాళీ. తెర మీద తేడా తెలియదు. పేజీలో కూర్చేటప్పుడు మాత్రం పాదం ఎక్కడా విరగక అంచు దాటిపోతుంది. సరే, తెలుగు గళ్లలో ఉన్నవాటికే కలుపుదామంటే 'ౘ' వెళ్లి కన్నడలో ఏమీ లేని గడిలో పడుతుంది. అవతల గడి ఖాళీ అయితే మార్చొద్దు అని ఇంకో షరతు పెట్టాలి.

ఎన్విరాన్‌మెంట్ విలువ తెలిసేది ఈ షరతు దగ్గరే. గడి ఖాళీగా ఉందో లేదో చెప్పేది పైథాన్‌తో వచ్చే యూనికోడ్ పట్టిక. పైథాన్ 3.10లో ఉన్నది యూనికోడ్ 13 పట్టిక, 3.11లో ఉన్నది 14. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లు 'ౝ' తెలుగులోనూ కన్నడలోనూ చేరింది ఆ 14లోనే, 2021లో. ఒకే కోడు, ఒకే ఫైలు, ఒకే విండోస్. అయినా 3.11లో నకారపొల్లు కన్నడలోకి మారుతుంది, 3.10లో మారదు. ఇద్దరు ఫలితాల మీద పోట్లాడుకుంటే ఇద్దరూ నిజమే చెబుతారు. వెర్షన్ రాసిపెట్టుకోవడాన్ని గుమాస్తా పనిగా తీసిపారేసేవాళ్లు ఈ ఒక్క అక్షరంతో ప్రయోగం చేస్తే చాలు. పెద్ద ఉదాహరణ కూడా ఉంది. అచ్చు తెలుగును చదివే ఓసీఆర్ కోసం ఆచంట రాకేశ్, ట్రెవర్ హేస్టీ 2015లో వెలువరించిన పని వెనక ఉన్నది థియానో లైబ్రరీ. థియానోను తయారుచేసిన మాంట్రియల్ బృందం 2017లో దాన్ని ఇక ముందుకు తీసుకెళ్లబోమని ప్రకటించింది. లైబ్రరీలే కాదు, భాష వెర్షన్లూ ఆగిపోతాయి: 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ఆగింది. ఇలాంటి కోడును ఈరోజు నడపాలంటే ఏ పైథాన్, ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ అన్న జాబితాయే దిక్కు.

బ్రౌజర్‌లో తెరుచుకునే కోలాబ్ లాంటివి ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడగొచ్చు. నేర్చుకోవడానికి అవి మేలే, కాదనను. కానీ అక్కడ నడిచేది లైనక్స్, దాని మీద పైథాన్ వెర్షన్ మార్చేది దాన్ని నడిపే సంస్థవాళ్లు. ఆదోని ఫైలు అక్కడ చక్కగా చదువుకుంటుంది, మనం వెతుకుతున్న తప్పు అక్కడ పుట్టనే పుట్టదు. డాకర్ సంగతీ అంతే: సర్వర్ ప్రోగ్రాములకు గట్టి పరిష్కారం, కాకపోతే సాధారణంగా దానిలోపల ఉండేదీ లైనక్సే. విండోస్ మీద పరీక్షలు నడిపే సర్వర్లు ఉన్నాయి కదా అంటే ఉన్నాయి. రాసిన పరీక్షను అవి నడుపుతాయి, కానీ ఒత్తున్న పేరొకటీ ఒత్తు లేని పేరొకటీ పెట్టి పరీక్ష రాయాలని ముందు ఎవరికో ఒకరికి తోచాలి. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డీఫాల్ట్ చేయాలని నిర్ణయమైంది, దాంతో ఈ గొడవ తీరుతుందనేది కొంతవరకు సబబే. అయితే ఎక్కించిన పైథాన్‌ను ఏళ్ల తరబడి మార్చని యంత్రాలు ఊళ్లలో ఎక్కువ. కమాండ్లన్నీ ఏఐ రాసిపెడుతుందన్నది కొత్త మాట. రాస్తుంది. అది రాసిన కమాండ్ మన యంత్రంలో ఏం చేసిందో చూడాల్సింది మాత్రం మనమే.

నాకు బరువుగా తోచే అభ్యంతరం వేరు: పాత కంప్యూటరు, నత్తనడక నెట్టు, ఏర్పాటుకే పోయే సమయం. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో, పడుగు సిద్ధం చేసే సమయాన్ని నేతలో కలపొద్దని ఎవరైనా అంటే మగ్గం మీది మనిషి నవ్వుతాడు. ఇక్కడా లెక్క అదే. నెట్టు సంగతికి పిప్‌లోనే ఉపాయం ఉంది. ఒకచోట 'డౌన్‌లోడ్' కమాండ్‌తో కావాల్సిన లైబ్రరీలన్నీ ఒక ఫోల్డర్‌లోకి దించుకుని, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, బడి ల్యాబులోని ప్రతి కంప్యూటర్‌లోనూ నెట్టు అక్కర్లేకుండా ఆ ఫోల్డర్ నుంచే ఎక్కించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: సీ భాషలో రాసిన భాగాలున్న లైబ్రరీలు ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి, చాలాసార్లు పైథాన్ వెర్షన్‌ను బట్టి కూడా వేర్వేరుగా వస్తాయి. లైనక్స్‌లో దించిన ఫోల్డర్ విండోస్ ల్యాబులో ఎక్కదు, 3.11 కోసం దించింది 3.12లో మొరాయించొచ్చు. దించేది ఏ ప్లాట్‌ఫామ్‌కో, ఏ వెర్షన్‌కో ఆ కమాండ్‌లోనే చెప్పే వీలుంది. పెన్‌డ్రైవ్ నింపేముందు ల్యాబులో ఏ విండోస్, ఏ పైథాన్ ఉన్నాయో వెళ్లి చూసి రాసుకుంటే సరి.