జీపు ఒళ్లంతా సర్దుబాట్లే

విల్లీస్ కంపెనీ 1953లో హరికేన్ అనే ఇంజనును తన చిన్న జీపులో బిగించబోయి చిక్కులో పడింది. ఆ ఇంజనులో ఇన్‌లెట్ వాల్వులు బ్లాకు పక్కనుంచి హెడ్డులోకి ఎక్కాయి. బలం పెరిగింది, దాంతోపాటు ఎత్తూ పెరిగింది. బానెట్ మూతపడలేదు. ఇంజనీర్లు పెద్దగా బుర్ర చించుకోలేదు. బానెట్‌నూ గ్రిల్‌నూ పైకి సాగదీసి ఊరుకున్నారు. ఆ పొడుగు ముఖం బండే సీజే-3బి. దాన్ని మహీంద్రా కంపెనీ లైసెన్సు తీసుకుని మన దేశంలో ఏళ్ల తరబడి తయారుచేసింది. సమితి ఆఫీసు ముందు ఆగిన జీపు, ఠాణా జీపు, మైకు కట్టి ఎన్నికల్లో తిప్పిన జీపు, ఏజెన్సీలో సంతకు జనాన్ని వేలాడదీసుకుని పోయిన జీపు, ఇలా మన కళ్లలో నిలిచిపోయినవాటిలో చాలావరకు ఆ కుటుంబంలోవే.

పుట్టుకలోనే సర్దుబాటు ఉన్న ఈ బండికి మన రోడ్ల మీద మరెన్నో జతపడ్డాయి. రేడియేటర్ కారితే నీళ్లలో పసుపు కలిపారు. పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లితే బట్టల సబ్బు మెదిపి అద్దారు. గ్యాస్కెట్ దొరకని ఊళ్లో దళసరి అట్టను ఇనుప అంచు మీద పరిచి, గుండు సుత్తితో చుట్టూ తడుతూ పోతే అట్ట అదే కొలతకు తెగి వచ్చేది. పెట్రోలు ధర భరించలేక ఏకంగా ఇంజనునే దించేసి, మటాడోర్ వ్యానుదో ట్రాక్టర్‌దో డీజిల్ ఇంజను కూర్చోబెట్టారు. ఇంట్లో పాత జీపును బాగుచేయబోయేవాళ్లు తుప్పుతోనే యుద్ధమనుకుని దిగుతారు. తుప్పు కనిపించే శత్రువు, దాని సంగతి తేలికే. ఇదివరకటి చేతులు చేసిపోయిన సర్దుబాట్లలో దేన్ని ఉంచాలి, దేన్ని విప్పాలి అన్నది తేల్చుకోవడమే కష్టం. మధ్యలో తగిలే ఎదురుదెబ్బల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

అందుకే బండి ఇంటికొచ్చిన రోజున పానాల పెట్టె తెరవకపోవడం మంచిది. విప్పడం వారాంతంలో అయిపోతుంది, బిగించడం ఏళ్లు పడుతుంది. పోర్టికోలో చాసీ, వరండాలో ముందు యాక్సిల్, మంచం కింద గేర్ బాక్సు చేరి, చివరికి మొత్తం పాత ఇనుము కొట్టుకు పోయిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. చాసీ వరకు విప్పి, ప్రతి మరనూ కొత్తగా మెరిపించే పద్ధతికి అభిమానులు ఎక్కువే. సొంత షెడ్డు, తీరిక, డబ్బు మూడూ ఉన్నవాళ్లకు అది సరే. ఇంటి ముందు వేపచెట్టు నీడలో పనిచేసేవాళ్లకు మాత్రం నా సలహా వేరు. ఒకసారి ఒకే వ్యవస్థను విప్పండి, అది ముగిశాకే రెండోది. బండి ఎప్పుడూ చక్రాల మీద నిలబడి, తోస్తే కదిలేలా ఉండాలి. కదిలే బండి మీద ఆశ చావదు.

ముందు పరీక్ష. ప్లగ్గులు విప్పి, కంప్రెషన్ గేజి పెట్టి, నాలుగు సిలిండర్లనూ కొలిచి రాసుకోవాలి. ఒకటి తక్కువ చూపిస్తే ఆ రంధ్రంలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగిందంటే రింగులు అరిగాయి. పెరగలేదంటే వాల్వు సరిగా కూర్చోవడం లేదు. పక్కపక్కనున్న రెండూ కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి ఉండొచ్చు. ఇంజను విప్పాలా, హెడ్డు తీస్తే చాలా అన్నది ఈ కాస్త పనితోనే తెలుస్తుంది. ఏళ్లుగా నిలబడిపోయి ఇంజను పట్టేసి ఉంటే సిలిండర్లలో డీజిలూ ఆయిలూ కలిపి పోసి కొన్నాళ్లు నాననివ్వాలి. తర్వాత హ్యాండిల్ తగిలించి ముందుకీ వెనక్కీ వెంట్రుకవాసి కదుపుతూ రావాలి. ఓపిక లేక గేరులో వేసి ట్రాక్టర్‌తో లాగిస్తే పట్టేసిన రింగులు విరిగి, సిలిండర్ గోడలను గీసేస్తాయి. కొన్ని రోజుల ఆలస్యంతో పోయేది బోరింగ్ షాపు ఖర్చుగా తేలుతుంది.

ఆ షాపులో బ్లాకు చరిత్ర బయటపడుతుంది. సిలిండర్ అరిగినప్పుడల్లా పది, ఇరవై, ముప్పై, నలభై థౌల చొప్పున పెద్దది చేసి, ఆ సైజు పిస్టన్లు వేస్తారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మీకంటే ముందు ఎవరో నలభై దాకా వెళ్లిపోయి ఉంటే ఇక కోయడానికి లోహం మిగలదు, లైనర్ వేయించడమే దారి. క్రాంకు జర్నల్స్‌దీ ఇదే కథ, అక్కడ సైజు తగ్గుతూ పోతుంది. అందుకే కొలతలు చేతికి రాకుండా పిస్టన్లూ బేరింగులూ కొనిపెట్టుకోకూడదు.

తుప్పు పట్టిన నట్టు దగ్గర బలం కంటే క్రమం ముఖ్యం. ముందురోజు నుంచే తుప్పు వదిలించే నూనె పోస్తూ ఉండాలి. విప్పే ముందు ఒక్క పిసరు బిగించే వైపు కదిపితే తుప్పు పొర పగులుతుంది. అప్పటికీ రాకపోతే బోల్టును వదిలి నట్టును వేడి చేయాలి, వ్యాకోచించేది అదే కదా. స్టడ్డు లోపలే విరిగిపోతే దాని మొండెం మీద ఒక నట్టు పెట్టి లోపలినుంచి వెల్డింగ్ చేయించి తిప్పడం చాలాసార్లు పనిచేస్తుంది. ఇనుము కాలి, చల్లారి, ముడుచుకునేసరికి మర పట్టు సడలుతుంది. పాత విల్లీస్ జాతి జీపుల్లో మరో మెలిక ఉంది. ఎడమ వైపు చక్రాల స్టడ్లకు ఎదురు మర ఉంటుంది, అవి కుడికి తిప్పితేనే ఊడుతాయి. చాలావాటి మీద ఎల్ అక్షరం గుద్ది ఉంటుంది గానీ మడ్డిలో కనిపించదు. తెలియని బలశాలి పైపు తొడిగి మరీ ఎడమకు తిప్పి, ఒక్క పూటలో అయిదూ విరగ్గొడతాడు.

ఇంజను మోగగానే అందరికీ తిప్పి రావాలని ఉంటుంది. ఆగండి. ఈ జీపుల్లో బ్రేకులకు మాస్టర్ సిలిండర్ ఒక్కటే, గొట్టాల దారీ ఒక్కటే. ఒక చక్రం దగ్గర కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రబ్బరు కప్పులు, గొట్టాలు, డ్రమ్ములు చూసుకున్నాకే గేటు దాటాలి. బ్రేకాయిలు పెయింటును తినేస్తుంది కాబట్టి ఈ పనంతా రంగుకు ముందే ముగియాలి. బండి కింద దూరేటప్పుడు జాకీని నమ్మొద్దు, ఇటుకలను అసలే నమ్మొద్దు. ఇటుక పగిలే ముందు చెప్పదు. స్టాండ్లు గానీ అడ్డంగా పేర్చిన దళసరి చెక్క దిమ్మలు గానీ వాడాలి.

ఇక స్టీరింగు. కాస్త వేగం అందుకోగానే, ఒక గుంత తగలగానే ముందు చక్రాలు అటూ ఇటూ గజగజ కొట్టుకుంటాయి, స్టీరింగు చేతిలో నిలవదు. పాత జీపు వదిలేసుకునేవాళ్లలో చాలామందిని భయపెట్టేది ఇదే. దీనికి వీధి వైద్యం షాక్ అబ్సార్బర్ లాంటి డ్యాంపర్ ఒకటి అడ్డంగా బిగించడం. వణుకు తగ్గుతుంది, జబ్బు దాక్కుంటుంది. అసలు కారణం కోసం చక్రాన్ని నేల నుంచి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. ఆట కనిపిస్తే తోడున్న మనిషిని బ్రేకు తొక్కమనాలి. ఆట పోయిందంటే లోపం చక్రం బేరింగుది. బ్రేకు తొక్కినా మిగిలిందంటే కింగ్‌పిన్ను బేరింగుది. కింగ్‌పిన్ను మూత కింద పల్చటి రేకు షిమ్ములు ఉంటాయి, వాటిని ఒక్కొక్కటే తగ్గిస్తూ వదులు తీయాలి. అది సరిగా ఉంటే టై రాడ్ కీళ్లు, చాసీ ముందు దూలానికి బిగించి ఉండే బెల్ క్రాంకు, కమాన్ పట్టీల యూ బోల్టులు వరసగా చూసుకోవాలి.

అన్నీ కొత్తవి వేసినా వణుకు పోలేదంటే కమాన్లను అనుమానించండి. డీజిల్ ఇంజను బరువుకు ముందు భాగం కుంగిందని ఎవరో ఎప్పుడో రెండు పట్టీలు అదనంగా వేయించి, ఉన్నవాటికి వంపు పెంచి ఉంటారు. వంపు మారితే యాక్సిల్ కూర్చునే కోణం మారుతుంది, చక్రం తనంతట తాను సూటిగా తిరిగొచ్చే గుణం పోతుంది. అదనపు పట్టీతో సస్పెన్షన్ రాయిలా బిగుసుకుని షాకిళ్లు తెగుతాయి, చాసీ పగులుతుంది. అంటే ఒక సర్దుబాటు మరో మూడింటిని కన్నదన్నమాట. ఇలాంటి చోట కొత్త సామాను కంటే పాత కమాన్ మిస్త్రీ కన్ను ఎక్కువ పనికొస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కమాన్లు కట్టేవాళ్లు, రేడియేటర్ గొట్టాలు పొడిచేవాళ్లు, డైనమో చుట్టేవాళ్లు, లేత్ మీద లేని బుష్షును పుట్టించేవాళ్లు విడివిడిగా ఉన్నారు. ఒక్కొక్కరిదీ ఒక్క పనే, అందులో మాత్రం తిరుగులేదు. కంప్యూటర్ పెట్టి చూసే బండ్లు పెరిగేకొద్దీ ఈ చేతులకు పని తగ్గుతోంది. ఇంట్లో ఒక జీపు లేచి నిలబడిందంటే ఇలాంటి నలుగురైదుగురికి పని దొరికినట్టే, పక్కన నిలబడి చూసినవాడికి కొంత విద్య అంటినట్టే.

జీపును జీపుగా నిలబెట్టేది గేర్ బాక్సు వెనక వేలాడే ట్రాన్స్‌ఫర్ కేసు. సీజే-3బిలో మొదటి గేరు, లో రేంజి, యాక్సిల్ పళ్ల నిష్పత్తి అన్నీ గుణిస్తే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను దాదాపు 37 సార్లు తిరుగుతుంది. ఏ రాళ్ల వాగైనా మనిషి నడకలో దాటించే బలం అక్కడిదే. ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి తారు రోడ్డు మీద నాలుగు చక్రాల గేరు వేసి మలుపులు తిప్పితే షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి. అప్పుడు లివర్ వెనక్కి రాదు. గేరు పళ్లు విరిగాయేమోనని కంగారుపడి మొత్తం దించేసినవాళ్లూ ఉన్నారు. కాస్త వెనక్కి నడిపితే చాలు, మెలి సడలి లివర్ జారుతుంది. ముందొక సైజు, వెనకొక సైజు టైర్లు వేసినా ఇదే తంటా. గేర్ బాక్సులో ఆయిలు తగ్గుతూ ట్రాన్స్‌ఫర్ కేసులో పెరుగుతూ ఉంటే బయట కారుడు వెతకనక్కర్లేదు. రెండింటి మధ్య సీలు పోయి ఉంటుంది.

బాడీ దగ్గర నిజాయితీకి పరీక్ష. కొనేముందే జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లాలి. అది పట్టని చోట రేకు లేదు, లప్పమే ఉంది. యుద్ధకాలపు విల్లీస్ బండ్ల నేల కింద ఇనుప చానెళ్లలో చెక్క పట్టీలు దూర్చి ఉండేవి, అవి తడిని పట్టి ఉంచి చానెల్‌ను లోపలినుంచి కుళ్లబెడతాయి. రెడీమేడ్ బాడీలు దొరుకుతున్నాయి గదా అని పాతది పారేయడం సులువే. నేలా మూలలూ మాత్రమే పోతే వాటిని కోసి కొత్త రేకు అతికించడమే నాకు నచ్చుతుంది. మిగతా రేకు మీద దెబ్బలున్నా అది ఆ బండిదే. పౌడర్ రంగూ తళతళా వచ్చాక కొత్త తలనొప్పి మొదలవుతుంది. నిన్నటి దాకా వెలిగిన లైట్లు వెలగవు, సెల్ఫు మూలుగుతుంది. ఎర్త్ తీగలు కూర్చునే చోట్లన్నీ రంగు పూసుకుపోయి ఉంటాయి. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కూ రెండో కొన ఇంజను బ్లాకుకూ పెట్టి సెల్ఫు కొట్టించి చూడాలి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. రంగు గీకి తెల్ల ఇనుము తేల్చి బిగిస్తే చాలు, కొత్త బ్యాటరీ అక్కర్లేదు.

పానాతో తీరని ఎదురుదెబ్బ ఒక్కటే, కాగితాలది. చాసీ నంబరు రేకు ఊడిపోయిన బండి, ఆర్సీలో ఒక ఇంజనూ బానెట్ కింద మరో ఇంజనూ ఉన్న బండి ఎంత చౌకగా వచ్చినా చివరికి బరువే. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, మళ్లీ నమోదుకు 5,000. అయితే బండి మొదటి రూపంలోనే ఉండాలి, చాసీకీ బాడీకీ ఇంజనుకూ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. దాన్ని రోజువారీ వాడకానికి తిప్పకూడదు కూడా. ఈ లెక్కన పుట్టినప్పటి పెట్రోలు ఇంజనుతో కదలకుండా దాగిన జీపుకు వింటేజ్ గౌరవం దక్కుతుంది. రైతు చేతిలో డీజిల్ ఇంజను మోసుకుంటూ ముప్పై ఏళ్లు ఘాట్లెక్కిన జీపుకు దక్కదు. మన దేశంలో జీపు బతికిన తీరుకు రెండోదే అసలైన సాక్ష్యమని నా అభిప్రాయం, చట్టం అలా చూడదు. ఆర్సీలో ఆ డీజిల్ ఇంజను సక్రమంగా ఎక్కి ఉందా లేదా అన్నది కొనకముందే చూసుకోండి. ఎక్కి ఉంటే మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకుని, అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లి, మిగతా రోజుల్లో మారేడుమిల్లి ఘాటెక్కించొచ్చు.