తోమా కథల్లో హంతకుడి కులం

అపొస్తలుడైన తోమా ఇండియాకి వచ్చాడా, రాలేదా? ఈ వాదన మీద పుస్తకాలకి కొదవ లేదు. అతని సమాధి ఉందంటున్న మైలాపూరు మా నెల్లూరు కోస్తాకి దూరమేమీ కాదు, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. అయినా మా ప్రశ్న వేరే. తోమాని చంపింది ఎవరని ఏ కథ చెప్పింది? ఈ ప్రశ్నతో కథల్ని మళ్లీ చదివాం.

అన్నిట్లోకీ పాతది సిరియాక్ భాషలోని ‘తోమా కార్యములు’. మూడో శతాబ్దం మొదట్లో ఎదెస్సా ప్రాంతంలో పుట్టిందని పండితుల అంచనా. ఇందులో తోమా అమ్ముడుపోయిన మనిషి. ఇండియాకి పోనని మొండికేస్తే యేసే అతన్ని హబ్బాను అనే వర్తకుడికి బానిసగా అమ్మేస్తాడు. చేసేది వడ్రంగం పని. ఒకచోట గొప్పింటి ఆడమనిషి పల్లకిలో బోధ వినటానికొస్తుంది. తోమా ముందు మాట్లాడేది ఆమెతో కాదు, పల్లకి మోసేవాళ్లతో. మీరూ మనుషులే, మీ మీద అధికారం ఉన్నవాళ్లు పశువుల మీద వేసినట్టు బరువులేస్తున్నారని అంటాడు. వెట్టి చేసిన తాతల మనవలం, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాం. చివరికి రాజాజ్ఞతో నలుగురు సైనికులు ఈటెలతో పొడిచి చంపుతారు. అంటే చంపింది రాజ్యం. కులం ఊసు లేదు, మైలాపూరు ఊసూ లేదు.

పదమూడో శతాబ్దం చివర మార్కో పోలో దగ్గరికొచ్చేసరికి హంతకుడు మారాడు. మోటుపల్లి గురించి రాసినందుకు మన చరిత్ర పుస్తకాలు పోలోని గుర్తుపెట్టుకున్నాయి. అదే పుస్తకంలో, మోటుపల్లికి కాస్త ముందు, గోవిలనే జనం ఉన్నారు. వీళ్లు గొడ్డుని చంపరు, చచ్చిన గొడ్డుని తింటారు. తోమాని చంపింది వీళ్ల పూర్వీకులేనట. నెమళ్ల మధ్య ప్రార్థన చేసుకుంటున్న తోమాకి, గోవి ఒకడు నెమలికి వేసిన బాణం తగిలిందట. అంటే పొరపాటే. శిక్ష మాత్రం వంశం మొత్తానికి. గోవి అయినవాడు తోమా దేహం ఉన్న చోట అడుగు పెట్టలేడట, పదిమంది పట్టి ఈడ్చినా లోపలికి పోలేడట.

గోవి అనే పేరు మీద పండితులు ఎంతైనా వాదించుకోవచ్చు. చచ్చిన గొడ్డుని తిన్నవాళ్లెవరో వాడలో ఎవర్నడిగినా చెప్తారు. ఇక్కడ పట్టుకోవాల్సిన మాట ‘పోలేడు’. ‘పోనివ్వరు’ అని రాయలేదు. గడప దగ్గర ఆపే చేతులు మాయమై, ఆపటమే మహిమ అయిపోయింది. అంటరానితనానికి ఇంతకంటే తెలివైన సాకు మాకు ఇంకోటి కనపడలేదు. చచ్చిన గొడ్డు మాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని అంబేద్కర్ 1948 నాటి ‘ద అన్‌టచబుల్స్’లో విప్పి చూపించాడు. పోలో పేజీని ఆ పుస్తకం పక్కన పెట్టుకుని చదవాలి.

పోర్చుగీసులు మైలాపూరు చేరాక ఈటె బ్రాహ్మడి చేతికి వచ్చింది. కేరళలో మాత్రం అదే బ్రాహ్మడు తోమా చేత బాప్తిస్మం తీసుకున్న మూలపురుషుడు! సిరియన్ క్రైస్తవ కుటుంబాలు నంబూద్రి పుట్టుక చెప్పుకున్నాయి, పులయ క్రైస్తవుల్ని మాత్రం వేరే గుళ్లకి పంపాయి.

ఇక మన గడ్డకొద్దాం. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోదే. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అతను పిలిస్తేనే 1867 జనవరిలో క్లౌ దొర ఆ ఊరికి పోయాడు. మిషన్ రాతల్లో మాత్రం పేరయ్య ‘నేటివ్ ప్రీచర్’. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని ఒంగోలు పైకులాలు దొరకి చెప్పాయి. ఈ గడప దగ్గర ఆపే చేతులు కనపడుతున్నాయి. దొర మాదిగల వైపే నిలబడ్డాడు, అది ఒప్పుకోవాలి. అయితే చేరేవాళ్లకి ఆయన పెట్టిన మూడు నియమాల్లో ఒకటి చచ్చిన గొడ్డు తినకూడదని. మిగతా రెండు ఆదివారం పని చెయ్యొద్దనీ, విగ్రహాల్ని మొక్కొద్దనీ. 1927లో మహద్‌లో అంబేద్కర్ కూడా చచ్చిన గొడ్డుని మానమన్నాడు. రెండూ ఒకటి కాదు. ఒకచోట అది పాపాల జాబితాలో ఉంది, ఇంకోచోట ఆత్మగౌరవం మాట. మన సంఘాల్లో ఈ తేడా ఎవరూ చెప్పరు. తాతలు తిన్నదాన్ని తల్చుకుని సిగ్గుపడటమే ఆదివారం బడిలో మేం నేర్చుకున్నాం. ఆకలి మాట ఎవరూ ఎత్తలేదు.

1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ కాంట్రాక్టుకి తీసుకున్నాడు. మాల మాదిగలు తవ్వారు. అదే కరువు పనుల్లో మద్రాసులో అడయారునీ కూవాన్నీ కలుపుతూ తవ్విన ముక్క మైలాపూరు పక్క నుంచే పోతుంది. తోమా పండగ సిరియన్ సంఘాల్లో జూలై 3. కరువు తగ్గాక, 1878 జూలై 3నే, గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపల్లి దగ్గర 2,222 మంది నీళ్లలో దిగారు. బాప్టిస్టులు ఆ పండగ లెక్కపెట్టరు, తేదీ కలవటం వట్టి యాదృచ్ఛికం. ఆ రోజు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నదిలో దిగి, పొద్దున ఆరింటి నుంచి, మధ్యాహ్నం కాసేపు ఆగి, పొద్దుగూకే దాకా ఆ పని చేశారు.