శిలాఫలకం, తీగల నాదం

అమెరికాలోని సియాటిల్ నగరానికి చేరువలో రెంటన్ అనే పట్టణం ఉన్నది. అచ్చటి గ్రీన్‌వుడ్ శ్మశానవాటికలో జిమి హెండ్రిక్స్ సమాధి నెలకొని ఉన్నది. 1942 నవంబరు 27న సియాటిల్‌లో జన్మించిన ఈ గిటారు వాద్యకారుడు 1970 సెప్టెంబరు 18న, 27 ఏళ్ల ప్రాయంలోనే, లండన్‌లో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో వెలువడిన స్టూడియో ఆల్బములు మూడే. అయినా విద్యుత్ గిటారు చరిత్రను ఆయనకు ముందు, ఆయనకు తరువాత అని విభజించి చెప్పుకోవడం విమర్శకులకు పరిపాటి అయింది.

సైకెడెలిక్ రాక్ అనగానే మత్తు, వెర్రి ఉత్సాహం మాత్రమే స్ఫురించడం ఆ సంగీతానికి న్యాయం చేయదు. హెండ్రిక్స్ వాదనానికి పునాది నల్లజాతీయుల బ్లూస్ సంప్రదాయం. ధ్వనివర్ధకం నుండి వెలువడిన శబ్దం మరల తీగలను కంపింపజేయగా పుట్టే ‘ఫీడ్‌బ్యాక్’ను సాధారణంగా దోషంగా పరిగణించేవారు. ఆయన దానిని రాగభావానికి వినియోగించారు. తీగను పక్కకు లాగి స్వరాన్ని వంచే ఆ పద్ధతి, వీణపై గమకాన్ని ఎరిగిన శ్రోతకు పూర్తిగా అపరిచితం కాదు.

అయితే 1967 జూన్ 18న మాంటెరే ఉత్సవంలో ఆయన తన గిటారుకు నిప్పంటించారు. అదే రోజు మధ్యాహ్నం అదే వేదికపై సితార్ వినిపించిన పండిట్ రవిశంకర్ ఈ చర్యకు మిక్కిలి నొచ్చుకున్నారు. వాద్యాన్ని పూజార్హంగా భావించే సంప్రదాయానికి అది సహజమైన వేదన. ఆ జ్వాల హెండ్రిక్స్ కీర్తిని పెంచింది గాని, కళను పెంచలేదు.

ఆయన కళకు గీటురాయి 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్‌లో లభిస్తుంది. వియత్నాం యుద్ధం సాగుతున్న ఆ రోజులలో అమెరికా జాతీయగీతాన్ని వాయిస్తూ, బాంబుల మోతను, ఆర్తనాదాలను ఆయన తీగలపై పలికించారు. స్వయంగా 1961-62లో పారాచూట్ దళంలో పనిచేసిన వ్యక్తి చేసిన ఆ వాదనాన్ని దేశద్రోహమనడం తేలిక. గీతం చెప్పే యుద్ధాన్ని వినిపించిన సత్యనిష్ఠ అనడమే సమంజసం.

1970 అక్టోబరు 1న ఖననం జరిగిన చోట గిటారు బొమ్మ చెక్కిన సామాన్య ఫలకం ఉండేది. 2002లో భౌతికకాయాన్ని మూడు స్తంభాల గ్రానైట్ గోపురం కిందికి తరలించి, పాత ఫలకాన్ని అందులోనే పొదిగారు. గోపురం కీర్తికి చిహ్నం కాగా, ఆ చిన్న ఫలకం మనిషికి గుర్తు. అభిమానులు గోపురాన్ని వెతుక్కుంటూ వచ్చినా, చదువవలసినది ఫలకాన్నే. సంగీతకారుని నిజమైన సమాధి మాత్రం శ్రోత చెవిలో ఉంటుంది; అక్కడ ఆయనకు ఇంకా విశ్రాంతి లభించలేదు.