చివరి నుంచి మొదలైన 'లా బొహేమ్'

2022 ఏప్రిల్‌లో డెట్రాయిట్ ఒపెరా హౌస్‌లో ఆట మొదలైన అరగంటకే మిమీ చనిపోయింది. ఇటలీ స్వరకర్త పుచ్చీని ఒపెరా 'లా బొహేమ్' తెలిసినవాళ్లెవరైనా ఆ చావు కోసం నాలుగో అంకం చివరిదాకా ఎదురుచూస్తారు. దర్శకుడు యువాల్ షరోన్ ఆ నాలుగో అంకాన్నే ముందుకు తెచ్చాడు. తర్వాత మూడోది, రెండోది, మొదటిది. మధ్యలో విరామం లేదు. మిమీ మొదటిసారి రొడోల్ఫో గది తలుపు తట్టి, ఆరిపోయిన కొవ్వొత్తి వెలిగించుకుంటానని అడిగే క్రిస్మస్ ముందురాత్రితో ఆట ముగిసింది.

పాత ఒపెరాను కొత్తగా ఆడటమంటే సాధారణంగా బట్టలు మారతాయి, కాలం మారుతుంది. 2017లో పారిస్‌లో క్లాస్ గుత్ ఇదే ఒపెరాను అంతరిక్ష నౌక ఎక్కించాడు. కంటికి అది చాలా పెద్ద మార్పు, చెవికి మాత్రం ఏ మార్పూ లేదు. షరోన్ తలపెట్టింది అంతకంటే ప్రమాదకరమైన పని. ఎందుకంటే ఈ ఒపెరా బలమంతా వరుసలోనే ఉంది.

కథ గుప్పెడే. 1830ల నాటి పారిస్. అద్దె కట్టలేని నలుగురు కుర్రాళ్లు: కవి రొడోల్ఫో, చిత్రకారుడు మార్చెల్లో, సంగీతకారుడు షోనార్, తత్త్వవేత్త కొల్లీన్. ఆ మేడలోనే బట్టల మీద పూలు కుట్టి బతికే మిమీ. కవి రొడోల్ఫో ఆమెను ప్రేమిస్తాడు. ఆమె క్షయ ముదురుతుంటే, పొయ్యిలోకి కట్టెల్లేని తన గదే ఆమెను చంపుతుందని భయపడి దూరమవుతాడు. చివరికి ఆమె ప్రాణం విడవడానికి ఆ గదికే వస్తుంది. ఇందులో దుర్మార్గుడు లేడు, శాపం లేదు, కత్తిపోటు లేదు. ఆన్రీ ముర్జే రాసిన కథల నుంచి ఇల్లికా, జకోజా అనే ఇద్దరు దీని మాటలు కూర్చారు. 1896 ఫిబ్రవరి 1న టూరిన్‌లో మొదటిసారి ఆడింది. వాద్యబృందాన్ని నడిపిన కండక్టర్ 28 ఏళ్ల టోస్కనీనీ. విమర్శకులు పెదవి విరిచారు. ఏప్రిల్‌లో పలెర్మో జనం మాత్రం ఆట అయిపోయినా కుర్చీల్లోంచి లేవలేదు. సగం వేషాలు తీసేసిన గాయకులు మళ్లీ వచ్చి ఆఖరి ఘట్టం పాడాల్సివచ్చింది. వన్స్ మోర్ అనగానే చచ్చిన పాత్ర లేచి పద్యం అందుకునే మన పద్యనాటకాలు ఎరిగినవాళ్లకు ఇదేమీ వింత కాదు.

వరుస మారిస్తే ఏం పోతుందో తెలియాలంటే ఈ సంగీతం ఎలా నడుస్తుందో చూడాలి. ముందు గొంతు సంగతి. ఒపెరాలో మైకు ఉండదు. డెట్రాయిట్ హాలులో సుమారు 2,700 సీట్లు. గాయకుడికీ ప్రేక్షకులకూ మధ్య గుంటలో నిండు వాద్యబృందం. అరిస్తే గొంతు పోతుందే తప్ప వెనక వరుసకు మాట అందదు. వాద్యబృందం ధ్వనిలో బలం 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఎక్కువ, పైకి పోయేకొద్దీ అది పలచబడుతుంది. శిక్షణ ఉన్న టెనర్, అంటే పై స్థాయిలో పాడే మగ గాయకుడు, స్వరపేటికను కిందికి దించి, దాని పైనున్న గొంతు భాగాన్ని విశాలం చేసుకుంటాడు. దాంతో 3,000 హెర్ట్జ్ దగ్గర గొంతులో ఒక అదనపు మెరుపు పుడుతుంది. అంటే వాద్యాలు నీరసపడే చోటే గొంతు గట్టిపడుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ దీన్ని కొలిచి వివరించాడు కానీ, ఇటలీ గురువులు ఏ కొలతలూ లేకుండానే తరాలుగా దీన్ని నేర్పుతున్నారు. పక్కటెముకలు కుంగిపోకుండా నిలిపి, ఊపిరిని పొదుపుగా వదలడం వాళ్లు నేర్పే మొదటి పాఠం. ఈ గానవిద్యను యునెస్కో 2023లో అమూర్త వారసత్వ సంపద జాబితాలో చేర్చింది.

అంత సాధన చేసిన గొంతు చేత పుచ్చీని మొదట చేయించేది మాటలాంటి పాట. మొదటి అంకంలో చీకట్లో మిమీ జారవిడిచిన తాళంచెవి ఇద్దరూ నేలమీద తడుముతుంటారు. రొడోల్ఫోకు అది దొరుకుతుంది, దొరకలేదని చెప్పి జేబులో వేసుకుంటాడు. చేయి చేయి తగులుతుంది. ఎంత చల్లగా ఉందీ చేయి అంటూ అతను ఎత్తుకునే పాటలో మొదటి మాటలన్నీ ఒకే స్వరం మీద నడుస్తాయి. మొహమాటపడుతూ మాట కలుపుతున్న కుర్రాడిలా ఉంటుంది. అక్కణ్నుంచి మెట్టు మెట్టు ఎక్కి, టెనర్లకు పరీక్ష పెట్టే హై సి అనే పై స్వరం దాకా పోతుంది. భావం పొంగిన చోట వయొలిన్లు గాయకుడి బాణీనే అందుకుని వెన్నంటి వస్తాయి. హై సి అందనివాళ్ల కోసం పుచ్చీని కింది దారి కూడా రాసిపెట్టాడు. కొందరు టెనర్లు పాట మొత్తాన్నే అర స్వరం దించి పాడతారు. అందులో సిగ్గుపడాల్సింది లేదని నా ఉద్దేశం.

నాలుగో అంకంలో ఈ బాణీలన్నీ చిక్కిపోయి వెనక్కి వస్తాయి. మంచం మీద మిమీ ఆ రాత్రిని తలుచుకుంటుంది. తాళంచెవి నీకు అప్పుడే దొరికింది కదూ అని ఆటపట్టిస్తుంది. విధికి కాస్త సాయం చేశానంటాడతను. కొల్లీన్ తన పాత కోటుకు వీడ్కోలు పాడి, అమ్మడానికి తీసుకెళ్తాడు. మార్చెల్లో ప్రియురాలు మ్యూజెట్టా తన చెవిపోగులు అమ్మి మందు తెమ్మని అతనికిస్తుంది, చేతులు వెచ్చగా దాచుకునే బొచ్చు తొడుగు తెస్తుంది. ఇది నువ్వు ఇస్తున్నావా అని మిమీ రొడోల్ఫోను అడిగితే, అవునని మ్యూజెట్టాయే చటుక్కున బదులిస్తుంది.

మిమీ ప్రాణం పోయిన క్షణాన్ని రంగస్థలం మీద ఎవరూ చూడరు. చేతులు వెచ్చబడ్డాయి, ఇక నిద్రపోతానంటుంది. కాసేపటికి వాద్యబృందం ఆగి, విషాదం ధ్వనించే మైనర్ కార్డ్ ఒకటి మెల్లగా పలుకుతుంది. హాలులో ఉన్నవాళ్లకు అర్థమైపోతుంది. రొడోల్ఫో మాత్రం ఆమె మొహాన ఎండ పడకుండా కిటికీకి గుడ్డ కడుతుంటాడు. షోనార్ దగ్గరికెళ్లి చూసి, మార్చెల్లో చెవిలో చెబుతాడు. అందరూ నావైపు అలా చూస్తారేమిటని రొడోల్ఫో అడిగే మాటలకు పుచ్చీని బాణీ కట్టలేదు. అవి మామూలుగా పలకాలి. అంతసేపూ పాడిన మనిషి నోట ఉన్నట్టుండి వట్టి మాటలు వస్తాయి. ఆ తర్వాతే ఇత్తడి వాద్యాలు విరుచుకుపడతాయి. ఆ వెంటనే వినబడే చివరి స్వరాలు కొల్లీన్ కోటు పాటలోవి. 1895 డిసెంబరులో ఈ ఘట్టం రాసి ముగించినప్పుడు, సొంత బిడ్డ చావు చూసినట్టు ఏడ్చానని పుచ్చీని చెప్పుకున్నాడు.

ఇలాంటి అంకాన్ని ముందుకు తెస్తే నష్టం తప్పదు. ఇంకా వినని బాణీ జ్ఞాపకం కాలేదు. మిమీ తలుచుకునే రాత్రిని కొత్త ప్రేక్షకుడు చూసే ఉండడు. కాబట్టి నా లెక్కలో ఇది 'లా బొహేమ్' ఇదివరకే చూసినవాళ్ల ఆట. కొత్తవాళ్లు ముందు మామూలు వరుసలో చూడటం మంచిది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో జెఫిరెల్లీ 1981లో కట్టిన, మంచు కురిసే భారీ సెట్ల ప్రదర్శన అందుకు చక్కగా సరిపోతుంది.

అయితే తెలిసినవాళ్లకు దక్కేది కూడా చిన్నదేం కాదు. మూడో అంకంలో మంచు కురిసే తెల్లవారుజామున, వసంతం దాకా ఆగి విడిపోదామని ఇద్దరూ ఒప్పుకుంటారు. ఈ వరుసలో ఆ వెంటనే మోమస్ కాఫీ హోటల్ దగ్గర పండగ గోల, మిమీ కొత్త గులాబీరంగు టోపీ. ఆ తర్వాత మేడగది. తాళంచెవి సంగతి మిమీకి తెలిసిపోయిందని మనకు ముందే తెలుసు. ఇప్పుడు రొడోల్ఫో దాన్ని దొంగతనంగా జేబులో వేసుకుంటుంటే నవ్వు రావాల్సిన చోట గొంతులో ఏదో అడ్డుపడుతుంది. చేయి చల్లగా ఉందన్న మాట కుర్రాడి సరసంలా వినబడదు.

అంకాలకు మధ్య ప్రశ్నలు వేస్తూ తిరిగే సంచారి పాత్ర ఒకటి షరోన్ చేర్చాడు. ఆ వివరణ అక్కర్లేదనిపిస్తుంది, సంగీతం చెబుతూనే ఉంది కదా. కానీ ఆ వేషం కట్టింది జార్జ్ షిర్లీ. 1961లో మెట్రోపాలిటన్ ఒపెరాలో ప్రధాన పాత్ర పాడిన మొదటి నల్లజాతి టెనర్ ఆయన, పెరిగింది డెట్రాయిట్‌లోనే. తొంభైకి దగ్గరపడిన ఆ మనిషిని వెనక్కి నడిచే కథలో నిలబెట్టడం వల్ల ఆ పాత్రకు దాని మాటలు ఇవ్వని బరువు వచ్చింది.

మొదటి అంకం చివర ప్రేమికులిద్దరూ చేయీ చేయీ పట్టుకుని బయటికి వెళ్తారు, తెరవెనుక నుంచి వాళ్ల పాట వినిపిస్తుంది. మిమీ హై సి అందుకుంటుంది. రొడోల్ఫోకు పుచ్చీని రాసింది కింది స్వరం. చాలామంది టెనర్లు దాన్ని వదిలేసి ఆమెతోపాటు పైకి ఎగబాకుతారు. మామూలు వరుసలో ఇంకా మూడు అంకాలు ఉంటాయి కాబట్టి ఆ ఉబలాటాన్ని క్షమించవచ్చు. ఇక్కడ అదే ఆఖరి స్వరం. అరగంటలో పోయిన అమ్మాయి గొంతు ఒక్కటే పైకి వెళ్లాలి, అతను పుచ్చీని రాసిన చోటే ఆగాలి. ఈ వరుసలో ఎవరు ఆడినా కండక్టర్ టెనర్‌తో ఆ మాట రిహార్సల్ మొదటిరోజే తేల్చుకోవాలి.